గోడకు చేసిన నెమ్ము

తెలుగులో 'బూజు' అనే మాట ఒక చిన్న చిక్కు తెచ్చిపెట్టినది. ఇంటి మూలలో సాలీడు విడిచిపోయిన గూడు, దానిమీద పేరుకొన్న దుమ్ము బూజే. నిలవ ఉన్న రొట్టె మీద, వానలో తడిసిన తోలు చెప్పు మీద, పెట్టెలోని పుస్తకపు అట్ట మీద తెల్లగానో పచ్చగానో నల్లగానో లేచే నూగు కూడా బూజే. మొదటిది దులిపితే పోతుంది. రెండవది దులిపితే ఇల్లంతా వ్యాపిస్తుంది. పేరు ఒకటే కావడం వల్ల కాబోలు, మనం తరచు రెండవ దానికి మొదటి దాని చికిత్స చేసి ఊరుకొంటాము.

'నెమ్ము' అనే మాట దగ్గర మాత్రం మన భాష మనకంటె వివేకం చూపినది. గోడ చెమ్మగిల్లితే నెమ్ము అంటాము. ధాన్యం సరిగా ఆరకపోతే నెమ్ము తగిలినదంటాము. పసివానికి రొమ్ము పట్టి ఎగశ్వాస వస్తే, "పిల్లవానికి నెమ్ము చేసినది" అంటాము. గోడ జబ్బుకు, గుండెలోని జబ్బుకు ఒకే మాట. ఈ మాటను నేను ఏళ్ల తరబడి పాఠం చెప్పాను గాని, దాని అర్థం నాకు బోధపడినది తరగతిలో కాదు. అరకులోయలో, మా పడకగది గోడ అలమార ముందు.

తూర్పు కనుమలలో సముద్రమట్టానికి ఇంచుమించు 900 మీటర్ల ఎత్తున ఉన్నది అరకులోయ. విశాఖపట్నంనుంచి నూటపదిహేను కిలోమీటర్ల దూరం. నేడు అది అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. ఆ జిల్లా 2022 ఏప్రిల్ లో ఏర్పడినది. నేను అక్కడ ఉద్యోగం చేసిన రోజులలో విశాఖ జిల్లాలోనిది. క్రింద మైదానంలో ఉక్కపోసే వేళ, అనంతగిరి ఘాటు రోడ్డు ఎక్కి వచ్చినవారికి ఆ చలిగాలి స్వర్గసుఖంగా తోచును. కాని నాలుగు దినాలుండి పోయేవారికి తెలియని సంగతి ఒకటి ఉన్నది. అక్కడ జూన్ లో పట్టిన ముసురు సెప్టెంబరు దాకా విడువదు. ఆ తరువాత బంగాళాఖాతపు వాయుగుండాలు అక్టోబరులో మరికొంత వాన తెచ్చును. వాన వెలిసిన తరువాత మంచు మొదలగును. ఆ నెలలలో ఉదయం ఆరవేసిన ధోవతి సాయంకాలానికి కూడ తడిగానే ఉండును. డబ్బాలోని ఉప్పు నీరగును. అగ్గిపుల్ల గీస్తే వెలగదు.

అక్కడి ఒక కళాశాలలో నేను తెలుగు చెప్పుతూ ఉండేవాడిని. నా విద్యార్థులలో ఎక్కువమంది కొండగ్రామాల పిల్లలు. ఇంటివద్ద ఒక భాష, సంతలో ఆదివాసీ ఒరియా, తరగతిలో తెలుగు, ఇట్లా మూడు భాషల నడుమ పెరిగినవారు. ఒక సంవత్సరం వారికి ఒక పని చెప్పాను. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వను, తాతను అడిగి, వానకు, మట్టికి, చెట్లకు, పంటలకు, చుట్టరికాలకు వారు వాడే మాటలు వ్రాసుకొని రండి అన్నాను. పిల్లలు ఉత్సాహంగా వ్రాసుకొని వచ్చారు. మరుసటి ఏడు మరికొందరు. నాలుగేళ్లలో ఆరు లావుపాటి నోటు పుస్తకాలు నిండినవి. మాట, దాని అర్థం, చెప్పినవారి పేరు, ఊరు, వయస్సు, అన్నీ సిరాతో వ్రాసి ఉండేవి. అవి నాకు ప్రాణప్రదమైనవి. అందుచేత ఎవరి చేతికీ ఇవ్వక, మా ఇంటి గోడ అలమారలో, నా భార్య పెండ్లి చీరల మీద, గుడ్డలో మూటకట్టి పెట్టి తాళం వేశాను.

ఆ ఇల్లు అద్దెది. ఇటుక గోడలు, సిమెంటు పూత, పైన కాంక్రీటు కప్పు. ఊరిలో నిక్షేపమైన ఇళ్లలో ఒకటిగా చెప్పుకొనేవారు. పడకగదికి పడమటి వైపున, గోడలోనే గుంట విడిచి, అరలు పోసి, చెక్క తలుపులు బిగించిన అలమార అది. ఆ యేడు జూలైలో తాళం వేసినవాడిని, దసరా సెలవులలో, సరస్వతీపూజకు పుస్తకాలు తీయవలెనని తెరిచాను.

తలుపు లాగగానే ముందు వాసన వచ్చినది. పాత కుండలో తడి గోనెసంచి పెట్టి మూసినట్లుండే వాసన. వెనుక గోడ సగం వరకు నల్లని చుక్కలు. దిగువ అరలో సున్నపు పొడివంటి తెల్లని పూత. పైనున్న పట్టుచీరల మడతల వెంట బూడిదరంగు చారలు. గుడ్డ మూట గోడకు అంటుకొని పోయినది. విప్పి చూస్తే అడుగున ఉన్న మూడు పుస్తకాలు ఒకే ముద్దగా ఉన్నవి. పుట విప్పబోతే పొరలు పొరలుగా ఊడి వచ్చినది. సిరా అలికినట్లు పరచుకొని, ఒక ముసలమ్మ చెప్పిన వాన పేర్లు నిజంగానే నీటిలో కలిసిపోయినవి.

నేను చేసిన మొదటి పని అందరూ చేసేదే. పొడి చీపురు తీసుకొని గోడను దులిపాను. తరువాత తడిగుడ్డతో తుడిచి, ఒక డబ్బా రంగు తెచ్చి పూయించాను. గోడ తెల్లగా మెరిసినది. కార్తికం వెళ్లకముందే ఆ రంగు క్రింద నుంచి నల్లచుక్కలు మళ్లీ తేలినవి. ఈసారి అలమార వెలుపల, పాప మంచం ప్రక్కన కూడ. అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్లు. రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు మొదలైనవి. వైద్యుడు చూచి, "నెమ్ము చేసినది" అన్నారు. గోడ వైపు చూచాను. మాట అర్థమైనది.

ఆ శీతకాలంలోనే, పోయిన మాటలను మళ్లీ పోగుచేద్దామని, ఒక విద్యార్థి వెంట అతని ఊరికి వెళ్లాను. వాళ్ల తాతగారి ఇల్లు మట్టిది. రాళ్లు పేర్చిన ఎత్తైన అరుగు, దాని మీద మందమైన మట్టిగోడలు, ఎర్రమట్టితో అలికి, అంచున తెల్లమట్టి పట్టీ. గడ్డి కప్పు చూరు గోడకంటె రెండు మూరలు ముందుకు వంగి ఉన్నది. ఎంత జడివానకైనా చినుకు గోడకు తగలదు. లోపల పొయ్యి. పొయ్యి మీద వెదురు అటక. అటక మీద విత్తనపు చోళ్లు, కట్టలు కట్టి వ్రేలాడగట్టిన మొక్కజొన్న కండెలు, పొగకు నల్లబడినవి. ముసురు నాలుగు నెలలూ అవి అక్కడే ఉన్నవట. ఒక్క గింజకు బూజు లేదు. నా అలమార కథ విన్న తాత కొంతసేపు ఆలోచించి అడిగాడు.

"ఆ గదిలో పొయ్యి ఉందా మాస్టారూ?"

"పడకగదిలో పొయ్యి ఎందుకుంటుంది తాతా?"

"మరి గాలి?"

"తలుపు వేసి తాళం పెట్టాను."

అతడు నవ్వలేదు. "నీల్లు లోపలెట్టి తాలమేసినారు మాస్టారూ" అన్నాడు.

నేను పడుకొన్నంత సేపు ఆ మాట నా చెవిలోనే ఉన్నది. బూజు లోపలికి వచ్చిన దొంగ అనుకొన్నాను. అతడు నీటి సంగతి అడిగాడు. ఆ తరువాత నేను చదివినదీ, అడిగి తెలుసుకొన్నదీ అంతా ఆ ముసలివాని వాక్యానికి వ్యాఖ్యానమే.

బూజు అనేది ఒక శిలీంధ్రం; పుట్టగొడుగుకు దగ్గరి చుట్టం. దాని బీజాలు కంటికి కనబడనంత సూక్ష్మమైనవి. అవి లేని గాలి లేదు. ఈ పత్రిక మీద కూడ ఉన్నవి. వాటిని ఇంటినుంచి వెళ్లగొట్టడం అసాధ్యం. కాని బీజం మొలకెత్తవలెనంటే ఆహారం, తగిన వెచ్చదనం, నీరు కావలెను. కాగితం, గంజిపెట్టిన గుడ్డ, చెక్క, గోడరంగులోని జిగురు, చివరకు పేరుకొన్న దుమ్ము, అన్నీ దానికి ఆహారమే. మనకు హాయిగా ఉండే వేడిమి దానికీ హాయే. ఈ రెండింటినీ ఇంట లేకుండ చేయలేము. మన చేతిలో ఉన్నది నీరొక్కటే. గోడను అంటిన గాలిలో తేమ 75-80 శాతం దాటి కొన్ని దినాలు నిలిచినదా, బీజం మొలకెత్తును. నిప్పు లేనిదే పొగ రాదన్నట్లు, నీరు లేనిదే బూజు రాదు.

బూజును శత్రువుగా మాత్రమే చూడడం కూడ న్యాయం కాదు. 1928 లో లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగు పరిశీలిస్తున్న పళ్లెంలో పొరపాటున పడిన ఒక బూజే పెనిసిలినుకు మూలమైనది. మన భీమవరంలో 1895 లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో సూక్ష్మజీవుల నుంచి మందులు తీసే పరిశోధనలు నడిపించి 1948 లో కన్నుమూశారు. ఆయన పోయిన అయిదేళ్లకు, 1953 లో, ఒక శిలీంధ్ర జాతికి ఆయన పేరిట 'సుబ్బారోమైసిస్' అని నామకరణం చేశారు. ఒక తెలుగువాని పేరు బూజుల వంశంలో శాశ్వతంగా నిలిచినది. ఈ జీవులు అడవిలో రాలిన ఆకును కుళ్లబెట్టి మట్టిని చేయకుంటే తూర్పు కనుమల అడవులే లేవు. తడిసిన కాగితం కూడ వాటి దృష్టిలో రాలిన ఆకే. పాపం వాటిది కాదు.

ఇక గోడకు నీరు ఎక్కడినుంచి వచ్చును? మూడు దారులున్నవి. మొదటిది పైనుంచి, ప్రక్కనుంచి: కప్పు కారడం, గోడ పగులులో వాన దిగడం. రెండవది క్రిందనుంచి: దీపపు వత్తి నూనెను పీల్చినట్లు, ఇటుక నేలలోని నీటిని పైకి పీల్చును. ఆ నీరు తనతో లవణాలను తెచ్చి, తాను ఆవిరై, వాటిని గోడమీద తెల్లని పూతగా వదలిపోవును. అరకుకు పోయే దారిలోని బొర్రా గుహలు చూచినవారికి ఈ సంగతి సులువుగా తెలియును. అక్కడ సున్నపురాతిని కరగించుకొన్న నీరు బొట్టు బొట్టుగా జారి, వేల సంవత్సరాలలో రాతి స్తంభాలను నిలిపినది. మా అలమార దిగువ అరలో నీరు అదే శిల్పాన్ని ఒక్క వానకాలంలో ఆరంభించినది.

మూడవది గాలినుంచి. ఇది ఎవరూ అనుమానించని దారి. చల్లని మంచినీళ్ల చెంబు బయట నీటిబొట్లు ఎట్లా పట్టునో, చలిరాత్రి చల్లబడిన గోడకు ఇంటిలోని వెచ్చని తేమగాలి తగిలి అట్లాగే చెమట పట్టును. నలుగురు పడుకొన్న గదిలో ఊపిరి ఆవిరే చాలు. ప్రక్కగదిలో అన్నం ఉడికితే, తడిబట్టలు ఇంటిలో ఆరవేస్తే చెప్పనక్కరలేదు. గోడ అలమార ఈ పనికి ఎంతో అనువైన చోటు. సాధారణంగా తొమ్మిది అంగుళాల గోడలో గుంట విడిచి అలమార కట్టుదురు. ఆ గుంట వెనుక మిగిలేది నాలుగున్నర అంగుళాల ఇటుక మాత్రమే. ఇంటిలోకెల్ల పలుచని గోడ, అందుచేత చలికి ముందు చల్లబడేది, వానకు ముందు తడిసేది అదే. మనం భద్రమని నమ్మి మన విలువైన వస్తువులన్నీ దానికే ఆనించి, గాలి తగలకుండ తలుపు వేస్తాము.

మీ గోడ జబ్బు ఏ దారిన వచ్చినదో తెలుసుకొనడానికి ఒక చిన్న పరీక్ష ఉన్నది. విద్యార్థులు పాఠశాలలోనే చేయవచ్చును. మూరెడు చదరపు పాలిథీన్ కాగితం తీసుకొని, గోడను పొడిగుడ్డతో అద్ది, నాలుగు అంచులా అంటుపట్టీతో గాలి చొరకుండ అతికించండి. రెండు దినాలు ఆగి చూడండి. కాగితానికి గోడవైపున నీటిబొట్లుంటే నీరు గోడలోనిది. గదివైపున ఉంటే నీరు గాలిలోనిది. మా అలమారలో దిగువ అతికించిన కాగితానికి గోడవైపున, ఎగువ అతికించిన దానికి గదివైపున తడి కనబడినది. అంటే నాకు ఒక జబ్బు కాదు, రెండున్నవి. నేను రెండింటికీ కలిపి ఒక డబ్బా రంగు మందుగా ఇచ్చాను!

మేస్త్రీని పిలిచి ఇంటి వెనుకకు పోయి చూచాము. పడమటి గోడకు ఆనించి ఎవరో ఏనాడో మట్టి పోసినారు. ఆ మట్టి లోపలి నేలమట్టం కంటె జానెడు ఎత్తున ఉన్నది. దాని మీద కట్టెల మోపు. పెరటి నీళ్లు పోయే కాలువ వాలు తప్పి గోడవైపే పారుతున్నది. కిటికీ పైన సన్ షేడ్ ఉన్నది గాని అలమార భాగానికి లేదు. "ఇదేటి మాస్టారూ, గోడని నీల్లలో నిలబెట్టీసినారు!" అన్నాడు మేస్త్రీ. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టిన ఇంటిచుట్టు అప్పుడప్పుడు తిరిగి చూడమని కూడ అన్నట్లయితే బాగుండేది.

చేసిన పనులు వరుసగా చెప్పెదను. ఎవరికైనా పనికి రావచ్చును. ముందు కట్టెలు, మట్టి తొలగించి, లోపలి నేలకంటె మూరెడు దిగువకు బయటి నేలను దించాము. గోడ వెంట రాళ్లు నింపిన చిన్న కందకం తీసి, నీరు ఇంటికి దూరంగా పోయేటట్లు వాలు పెట్టాము. అలమార భాగానికి పైన సన్ షేడ్ వేయించాము. తాతగారి చూరు చూచినవాడిని కదా. లోపల ఉబ్బిన సిమెంటు పూతను ఇటుక కనబడే వరకు గీకించి, వేసవి అంతా గోడను ఆరనిచ్చాము. ఇక్కడ తొందరపడరాదు. ఆరని గోడను మూయడం పుండును శుభ్రం చేయక కట్టు కట్టడం వంటిది. తరువాత సిమెంటుకు బదులు సున్నపు పూత వేయించాము. సిమెంటు పూత, నూనెరంగు, లోపలి తడిని లోపలే బంధించును. సున్నం, మట్టి తడిని పీల్చి విడువగలవు. పైగా సున్నానికున్న క్షారగుణం బూజుకు పడదు. వానకాలం వెళ్లిన పిమ్మట సంక్రాంతి ముందు ఇల్లంతా వెల్లవేసే మన ఆచారంలో అలంకారమే కాదు, ఆరోగ్యం కూడ ఉన్నది.

అలమార చెక్క తలుపులు తీసివేసి, పైనా క్రిందా గాలి ఆడే జాలీ తలుపులు పెట్టించాము. అరలను గోడకు నాలుగు వేళ్ల ఎడంగా జరిపాము. పూర్తిగా ఆరని బట్టను మడత పెట్టరాదని ఇంటిలో నియమం. ఎండ కాసిన మధ్యాహ్నం రెండు కిటికీలు ఎదురెదురుగా తెరిచి ఉంచడం మరొకటి.

ఉన్న బూజును తొలగించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పవు. పొడి చీపురు తగదు. బీజాలు గాలిలో లేచి ముక్కున పడును. ముక్కుకు, నోటికి గట్టి మాస్కు కట్టుకొని, కిటికీలు తెరిచి, సబ్బునీటిలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయవలెను. ఉబ్బసం ఉన్నవారు, చిన్నపిల్లలు ఆ గదిలో ఉండరాదు. బ్లీచింగు నీటిలో మరుగుదొడ్డి కడిగే ఆమ్లంగాని, అమోనియాగాని ఎన్నడూ కలపరాదు, విషవాయువు పుట్టును.

ఇదంతా ఒక అలమార కోసమా అని పాఠకులు అడుగవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 లో ఇంటి చెమ్మ, బూజులను గూర్చి ప్రత్యేకంగా ఒక మార్గదర్శక గ్రంథం ప్రకటించినది. చెమ్మ ఇళ్లలో నివసించేవారికి శ్వాస సంబంధమైన బాధలు, ఉబ్బసం అధికమని అది స్పష్టంగా చెప్పినది. మా అమ్మాయి దగ్గు గోడ ఆరిన సంవత్సరం నెమ్మదించినది. మందులు కూడ వాడాము కాబట్టి ఘనత అంతా గోడకే కట్టబెట్టను. కాని ఆ పిల్ల మంచం నేను మళ్లీ ఆ గోడకు ఆనించలేదు.

మరొక మాట ఉపాధ్యాయులతో చెప్పవలసి ఉన్నది. తాతగారి ఇల్లు మెచ్చుకొన్నానని, ఆ పొగ మంచిదని నా భావం కాదు. విత్తనాన్ని కాపాడిన పొగే ఆ ఇంటి ఆడవారి కండ్లను, ఊపిరితిత్తులను తినివేసినది. నేడు కొండగ్రామాలలో పక్కా ఇళ్లు లేస్తున్నవి, గ్యాసు పొయ్యిలు వస్తున్నవి, రావలసినవే. కాని పొయ్యి పోయినప్పుడు అది చేసే ఆరబెట్టే పని కూడ పోవును. గడ్డి చూరు పోయినప్పుడు అది గోడకు పట్టిన గొడుగూ పోవును. ఆ రెండు పనులూ ఇప్పుడు ఎవరు చేయవలెను? చూరు పని సన్ షేడ్, పొయ్యి పని ఎదురెదురు కిటికీలు చేయవలెను. కాఫీ పండించే గిరిజన రైతును అడగండి. ఆరని గింజను అతడు సంచిలో కట్టడు. గింజలో తేమ ఇంచుమించు పదకొండు శాతానికి దిగేవరకు ఆరబెట్టును. 2019 లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ పరిమళం ఆ ఓపిక మీద నిలిచినదే. గింజకు తెలిసిన నియమం మన బడి పుస్తకాల బీరువాకు కూడ తెలియవలెను.

పుస్తకం తడిస్తే ఏమి చేయవలెను? మండుటెండలో పెట్టరాదు, కాగితం వంకరపోయి పెళుసగును. నీడలో, గాలి ఆడేచోట, పుటల నడుమ అద్దుడు కాగితాలు ఉంచి, వాటిని మార్చుతూ ఆరబెట్టవలెను. ఒకేసారి చాల పుస్తకాలు తడిసి వెంటనే ఆరబెట్టలేకపోతే, పాలిథీన్ సంచిలో చుట్టి ఫ్రిజ్ లోని మంచుగదిలో ఉంచితే బూజు పెరుగుదల ఆగును. 1966 నవంబరు 4 న ఇటలీలోని ఫ్లోరెన్సు నగరాన్ని ఆర్నో నది ముంచినప్పుడు, అక్కడి జాతీయ గ్రంథాలయంలో లక్షలాది గ్రంథాలు బురదలో మునిగినవి. ఎన్నో దేశాల యువకులు వరుసలు కట్టి వాటిని చేతులమీద పైకి అందించారు. తడి గ్రంథాలను పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో కూడ ఆరబెట్టారు. మన గుంటూరు, ప్రకాశం రైతుకు ఈ ఉపాయం చెప్పనక్కరలేదు. నేటి గ్రంథసంరక్షణ శాస్త్రానికి ఆ వరద ఒక మలుపు.

మన పూర్వులకు తాటాకు గ్రంథాలుండేవి. వంటింటి అటక మీద, పొగ తగిలేచోట వాటిని ఉంచేవారు. ఏటేట విప్పి, దుమ్ము తుడిచి, నూనె రాచి, వేపాకో వసకొమ్మో పెట్టి మళ్లీ కట్టేవారు. దసరాకు పుస్తకాలు తీసి పూజించే ఆచారం పుస్తకానికి ఏడాదికొకసారి గాలి, వెలుతురు, మనుష్యస్పర్శ కలిగించినది. నా వంటి పండితుడు పూజను మాత్రం మరువలేదు గాని, జూలై నుంచి అక్టోబరు వరకు తాళం తీయలేదు. అయినా తాటాకు ఎంత కాపాడినా కొన్నాళ్లకు శిథిలమగును. మన కావ్యాలు నిలిచినది మళ్లీ మళ్లీ ప్రతులు వ్రాసినవారివల్ల. సి. పి. బ్రౌను దొర శిథిలమవుతున్న తాళపత్రాలను సేకరించి, పండితులచేత శుద్ధప్రతులు వ్రాయించాడు. తాళ్లపాక కవుల సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించినవి కాబట్టి, తిరుమల ఆలయంలోని చిన్న భాండారంలో శతాబ్దాలు మరుగున పడి ఉన్నా నాశనం కాలేదు. రాగిరేకుకు బూజు పట్టదు. కాని చెక్కించిన వేలాది సంకీర్తనలు అన్నాళ్లూ జనానికి వినబడనూ లేదు.

నా ఆరు పుస్తకాలలో మూడు దక్కినవి. పోయిన మూడింటిలోని మాటలకోసం నేను, పిల్లలు మళ్లీ ఊళ్లు తిరిగాము. కొన్ని దొరికినవి. వానల పేర్లు చెప్పిన ముసలమ్మ ఇంటికి వెళ్లేసరికి ఆమె పోయి రెండు నెలలైనది. ఆమె కోడలికి నాలుగు పేర్లు గుర్తున్నవి. నా పుస్తకంలో పదకొండు ఉండేవి. ఆ సంఖ్య నాకు గుర్తున్నది, ఆ మాటలు గుర్తు లేవు. ఆ దినం తిరుగుదారిలో నా విద్యార్థి, "పోనీండి సార్, నాలుగైనా వచ్చినవి" అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నమాట. ఆ ఏడు మాటలూ అతని భాషవి, నావి కావు.

గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర కొండలలో తిరిగి ఆ భాష నేర్చుకొన్నారు. జ్వరాలకు పుచ్చుకొన్న క్వినైను వల్ల ఆయన వినికిడి పోయినదని చెప్పుదురు. మాటలు వినవలసిన మనిషికి అంతకంటె నష్టమేమున్నది? అయినా ఆయన కూర్చిన సవర వ్యాకరణం 1931 లో, సవర నిఘంటువు 1938 లో అచ్చయినవి. 1940 లో ఆయన వెళ్లిపోయినా ఆ మాటలు మిగిలినవి. పదిమంది చేతికి అందినవి కాబట్టి మిగిలినవి.

దక్కిన మూడు పుస్తకాలకు ఆ ఏడే మూడేసి ప్రతులు వ్రాయించాను. ఒకటి కళాశాలలో, ఒకటి మాటలు ఇచ్చిన ఊరి బడిలో, ఒకటి మా ఇంటిలో. తరువాత వాటి ఛాయాచిత్రాలు కూడ తీయించాము. ఊరి బడిలోని ప్రతి అట్ట చిరిగి, మూలలు నలిగి, పుటలమీద పిల్లల చేతి మరకలతో ఉన్నది. మొన్న వెళ్లినప్పుడు చూచాను. అంచున ఎవరో పెన్సిలుతో రెండు కొత్త మాటలు చేర్చి ఉన్నారు. బూజు మాత్రం లేదు.